ఎండలో పచ్చబడిన అడవి

అడవి పచ్చగా నుండునని చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. కాని ఎంత పచ్చగా నున్నది, పోయిన యేటికంటె ఈ యేడు హెచ్చుగా నున్నదా తగ్గినదా అని అడిగినచో సమాధానము అంత సులభము కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవి విషయమున ఈ చిన్న ప్రశ్న ఇంచుమించు పది సంవత్సరములపాటు శాస్త్రజ్ఞులను రెండు పక్షములుగా చీల్చినది. ఇరుపక్షములవారును ప్రధానముగా ఒకే ఉపగ్రహసాధనము పంపిన అంకెలనే చూచిరి. ఒకరికి అడవి అనావృష్టిలో చిగిర్చినట్లు కన్పించెను. వేరొకరికి అట్టిదేమియు కన్పింపలేదు. ఈ వివాదమెట్లు పుట్టినది, ఎట్లు తీరినది అను సంగతి తెలిసికొన్నచో, ఉపగ్రహచిత్రము ఏమి చెప్పగలదో, ఏమి చెప్పజాలదో విద్యార్థులకు బాగుగా బోధపడును.

కథ ఉపగ్రహములకు చాల ముందే ఆరంభమగుచున్నది. 1910లో రాబర్ట్ వుడ్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు కొన్ని వింత ఛాయాచిత్రములను లోకమునకు చూపెను. కంటికి కన్పించు వెలుగును ఆపివేసి, ఎరుపునకు అవతలనుండు పరారుణ కిరణములను పోనిచ్చు అమరికతో ఆయన చెట్లను ఫొటో తీసెను. ఆ చిత్రములలో ఆకాశము నల్లగాను, ఆకులు మంచు కురిసినంత తెల్లగాను వచ్చినవి. ఆకులోని పత్రహరితము ఎరుపుకాంతిని ఆహారము తయారు చేయుటకై మ్రింగివేయును. పరారుణ కిరణములు దానికి పనికిరావు. అవి ఆకులోని కణముల మధ్యనున్న గాలి సందులలో చెదిరి, చాలవరకు వెనుకకు వచ్చివేయును. మన కన్ను పరారుణమును చూడలేదు గనుక ఆకు మనకు పచ్చగా మాత్రమే కన్పించుచున్నది. చూడగలిగినచో మన మామిడితోటలు కన్నులు మిరుమిట్లు గొలుపుచుండెడివి.

రెండవ ప్రపంచయుద్ధములో ఈ గుణము సైనికులకు ఉపయోగపడినది. ఫిరంగులపై పచ్చరంగు గుడ్డ కప్పి దాచినను పరారుణ ఫిల్ముపై మోసము బయటపడెడిది. రంగుగుడ్డ జీవమున్న ఆకువలె మెరయదు గదా! యుద్ధానంతరము కాలిఫోర్నియాలో రాబర్ట్ కాల్వెల్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి ఫిల్ముతోనే ధాన్యపుపైరుల తెగుళ్ళను విమానమునుండి గుర్తింపవచ్చునని 1956లో ప్రకటించెను.

ఆ తరువాతి మెట్టు ఆకాశమునకు ఇంకను పైకెక్కుట. 1972 జూలై 23న అమెరికా ప్రయోగించిన ఉపగ్రహమునకు తరువాత లాండ్‌శాట్-1 అను పేరు స్థిరపడినది. అందు రెండు విధముల సాధనములుండెను. ఎక్కువ మంది నమ్ముకొన్నది టెలివిజన్ తరహా కెమేరాలను. రెండవది వర్జీనియా నార్వుడ్ అను మహిళా ఇంజనీరు రూపొందించిన స్కానరు. దానిలో ఒక అద్దము సెకనుకు 13 మారులకు పైగా అటునిటు ఊగుచు నేలను చారలు చారలుగా చదివెడిది. నిరంతరము ఊగు అద్దమును అంతరిక్షములో నమ్మవచ్చునా అని సందేహించినవారు లేకపోలేదు. తీరా చూడగా విద్యుత్ లోపమువలన కెమేరాలే కొలదికాలమునకు మూలబడినవి, అద్దము మాత్రము ఊగుచునే యుండెను. అది నేలనుండి వచ్చు వెలుగును నాలుగు భాగములుగా కొలిచెడిది: రెండు కంటికి కన్పించునవి, రెండు పరారుణమునకు చెందినవి. భూమిపై సుమారు 80 మీటర్ల గడి ఒకటి దానికొక చుక్క.

ఆ చుక్కలను ఏమి చేయవలెను? టెక్సాస్‌లో జాన్ రౌజ్, ఆయన తోడివారు అమెరికా మధ్యభాగమునందలి విశాలమైన గడ్డిమైదానములను పరిశీలించుచు 1973 ప్రాంతమున ఒక చిన్న లెక్కను ప్రచారములోనికి తెచ్చిరి. పరారుణమునుండి ఎరుపును తీసివేసి, వచ్చిన శేషమును ఆ రెంటి మొత్తముచే భాగించుటయే ఆ లెక్క. ఒక దట్టమైన పైరు ఎరుపుకాంతిలో నూటికి 5 వంతులను, పరారుణములో 45 వంతులను వెనుకకు పంపెననుకొందము. భేదము 40, మొత్తము 50, భాగింపగా 0.8. దున్నిన నేల ఎరుపులో 20, పరారుణములో 25 వంతులను పంపినచో భేదము 5, మొత్తము 45, భాగఫలము 0.11. భాగించుట ఎందులకని విద్యార్థి అడుగవచ్చును. కొండవాలున ఎండ సగమే పడినచో రెండు కిరణములును సగమగును, భాగఫలము మాత్రము మారదు. ఈ అంకెను మనము పచ్చదనపు సూచిక అందము.

ఎంత అడవిని నరికివేసిరి అను ప్రశ్నకు లాండ్‌శాట్ చిత్రములు చక్కగా సరిపోయినవి. డేవిడ్ స్కోల్, కాంప్టన్ టక్కర్ 1993లో ప్రకటించిన లెక్క ప్రకారము బ్రెజిలు దేశపు అమెజానులో నరికిన ప్రదేశము 1978లో 78,000 చదరపు కిలోమీటర్లుండగా 1988 నాటికి 2,30,000 అయినది. మన దేశమునందును హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ ఇట్టి చిత్రములనే పోల్చి, 1972-75 నాటికిని 1980-82 నాటికిని నడుమ అడవులు దేశ విస్తీర్ణములో నూటికి సుమారు 16.9 వంతుల నుండి 14.1 వంతులకు తగ్గినవని చూపినది. కాని ఇవన్నియు గొడ్డలి చేసిన పనికి లెక్కలు. గొడ్డలి తగులని అడవి ఎండకు, వానకు ఎట్లు స్పందించుచున్నది అనునది వేరు ప్రశ్న. దానికి లాండ్‌శాట్ చాలలేదు. ఒకే చోటికి అది 18 దినములకొకమారు వచ్చెడిది. వచ్చిన దినమున అమెజానుపై మబ్బు కమ్మియుండెడిది. అటువంటి చోట ఋతువుల మార్పును కనిపెట్టుట అసాధ్యము.

ఈ చిక్కును విప్పినది వాతావరణోపగ్రహము. మేఘములను చూచుటకై అమెరికావారు పంపిన నోవా ఉపగ్రహములు భూమినంతటిని ప్రతిదినము చూచుచుండెడివి. వానిలోని సాధనమున ఎరుపునకు ఒకటి, పరారుణమునకు ఒకటి చొప్పున రెండు మార్గములున్నవని గుర్తించి, వానిని పచ్చదనమును కొలుచుటకు వాడినవారిలో టక్కర్ ముఖ్యుడు. గడి ఒక కిలోమీటరునకు పైబడియున్నను దినదినము చూచుట గొప్ప లాభము. మబ్బు అడ్డు వచ్చినపుడు సూచిక పడిపోవును గాని పెరుగదు. కావున కొన్ని దినముల అంకెలలో అన్నిటికంటె పెద్దదానిని మాత్రము ఉంచుకొని తక్కినవానిని వదలివేసిన, మబ్బులు చాలవరకు జల్లెడలో పొట్టువలె పోవును. మేఘములకొరకు పంపిన యంత్రముతో మేఘములను తొలగించి అడవిని చూచుట ఒక చమత్కారము.

అయితే జల్లెడ దాటి వచ్చిన దోషములు కొన్ని యుండెను. 1991 జూన్‌లో ఫిలిప్పీన్ దీవులలోని పినటుబో అగ్నిపర్వతము ప్రేలి, సన్నని ధూళిని పై ఆకాశమున నింపినది. ఆ కాలమున ఉష్ణమండలపు సూచిక తగ్గినట్లు తోచినది. అడవులకు ఏ జబ్బును లేదు, మధ్యనున్న గాలి మురికిబడినది. పైగా నోవా ఉపగ్రహములు వయసు మీరినకొలది ఒక్కొక్క దినము కొంచెము ఆలస్యముగా వచ్చెడివి. ఆలస్యమైనచో ఎండ ఏటవాలుగా పడును, అంకె మారును. ఉపగ్రహపు ముసలితనమును అడవికి అంటగట్టు ప్రమాదముండెను.

ఇంతలో ప్రశ్నయొక్క ప్రాముఖ్యము పెరిగినది. 2000లో ఇంగ్లండునందు పీటర్ కాక్స్, ఆయన సహచరులు కంప్యూటరుపై భూమి భవిష్యత్తును లెక్కగట్టిరి. భూతాపము పెరిగినచో ఈ శతాబ్దములోనే అమెజాను అడవిలో చాలభాగము ఎండి నశింపవచ్చునని ఆ లెక్క సూచించినది. చెట్లలోని బొగ్గు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసినచో తాపము ఇంకను పెరుగును. ఇది నిజమగునా? అడవి నీటికి అంత దాసియా?

నేలపై పనిచేయువారికి దీనిపై అనుమానములు కలవు. బ్రెజిలులోని పారగోమినాస్ వద్ద డేనియల్ నెప్‌స్టాడ్ బృందము లోతైన గోతులు త్రవ్వి చూడగా, చెట్లవేళ్ళు 8 మీటర్లకంటె లోతునకు పోయి నీరు తోడుకొనుచున్నట్లు తేలినది. ఈ సంగతి 1994లో వెలువడినది. తపజోస్ అడవిలో చెట్లకు మించిన ఎత్తున ఇనుప గోపురములు నిలిపి, అడవి పీల్చు, విడుచు బొగ్గుపులుసు వాయువును స్కాట్ సలెస్కా, ఆయన తోడివారు కొలిచిరి. వానకాలమున అడవి వాయువును విడుచుచు, ఎండకాలమున పీల్చుకొనుచున్నదని 2003లో వారు వెల్లడించిరి. కంప్యూటరు లెక్కలు చెప్పినదానికి ఇది సరిగా విరుద్ధము. అదే సంవత్సరము రామకృష్ణ నేమాని, ఆయన సహచరులు 1982 నుండి 1999 వరకు ఉపగ్రహముల అంకెలను వాతావరణపు లెక్కలతో జతపరచి, భూమిపై మొక్కల వార్షికోత్పత్తి నూటికి 6 వంతులు పెరిగినదనియు, ఆ పెరుగుదలలో 42 వంతులు అమెజాను అడవులదే ననియు అంచనా కట్టిరి. అచ్చట మబ్బులు తగ్గి వెలుగు పెరుగుటయే ముఖ్యకారణమని వారి వాదము. అనగా అమెజానులో చెట్టునకు కొరవడినది నీరు కాదు, ఎండ. వానకాలమున మబ్బుచాటున మన వరిపైరు ఎట్లు వెలవెలబోవునో ఎరిగిన రైతునకు ఇది వింత కాదు.

అప్పటికి కొత్త కన్ను సిద్ధమైయున్నది. 1999 డిసెంబరు 18న ప్రయోగించిన టెర్రా ఉపగ్రహముపై మోడిస్ అను సాధనము కలదు. దట్టమైన అడవిపై పాత సూచిక 0.9 దరిదాపులకు చేరి ఇక పెరుగదు. నిండిన కుండలో ఇంకను పోసినట్లే. అందుచేత ఆల్‌ఫ్రెడో హ్యూట్ మున్నగువారు నీలికాంతిని కూడ చేర్చి, పొగమంచు దోషమును కొంత సవరించు మెరుగుపడిన సూచికను తయారు చేసిరి. ఆ సూచికతో చూడగా ఎండకాలమున అమెజాను పచ్చదనము నూటికి 25 వంతులు పెరుగుచున్నదని 2006లో హ్యూట్ బృందము ప్రకటించినది.

అంతకు ముందు సంవత్సరమే ప్రకృతి ఒక పరీక్ష పెట్టియుండెను. 2005లో ఉత్తర అట్లాంటిక్ సముద్రపు ఉష్ణభాగము మామూలుకంటె వేడెక్కి, అమెజాను నైఋతి భాగమున తీవ్రమైన అనావృష్టి కలిగినది. వాగులు ఎండినవి, పడవలు బురదలో చిక్కుకొన్నవి. ఆ నెలల మోడిస్ చిత్రములను పరిశీలించి సలెస్కా, హ్యూట్ మొదలైనవారు 2007లో చిన్న వ్యాసమొకటి ప్రచురించిరి: అనావృష్టి సోకిన అడవి వాడలేదు, మామూలుకంటె పచ్చబడినది! ఎండకాలమున చిగిర్చు అడవి అనావృష్టిలో మరింత చిగిర్చినదనుట వినుటకు బాగుగనే యుండెను. కాక్స్ జోస్యమునకు భయపడినవారికి కొంత ఊరట కలిగినది.

మూడేండ్ల తరువాత బోస్టన్ విశ్వవిద్యాలయములో రంగా మైనేని బృందము అవే చిత్రములను సవరించిన సంచికనుండి తీసి మరల లెక్కించినది. (నేమాని, మైనేని అను ఇంటిపేర్లు మన పాఠకులకు పరిచితములే.) ఈ పనికి ముందు నిలిచినవాడు అరిందమ్ సామంత. వీరు చేసినది మిక్కిలి సాధారణమైన పని. మబ్బు, పొగ సోకిన గడులను నిర్దాక్షిణ్యముగ తీసివేసిరి. ఎండకాలమున అమెజాను అంచులలో అడవులను తగులబెట్టుచుందురు. ఆ పొగ చాలదూరము ప్రాకును. మిగిలిన శుద్ధమైన గడులలో చూడగా అనావృష్టి సోకిన అడవిలో నూటికి 11, 12 వంతులు మాత్రమే పచ్చబడినవి. 28, 29 వంతులు కందిపోయినవి, లేదా మారలేదు. తక్కిన 60 వంతుల సంగతి? వానిపై నమ్మదగిన అంకెయే లేదు. నా దృష్టిలో ఈ వివాదమంతటిలోను గొప్ప వాక్యము ఈ చివరిదే. అడవిలో సగమునకు మించినదానిని గూర్చి మనకేమియు తెలియదని చెప్పుటకు ధైర్యము కావలెను. రంగులద్దిన పటముపై ఆ ఖాళీ కన్పింపదు.

ఉపగ్రహము చూపనిదానిని నేలపై టేపుతో కొలిచినవారు అంతకుముందే తేల్చియుండిరి. ఆలివర్ ఫిలిప్స్, అనేక దేశముల సహచరులు అమెజానులో గుర్తులు పెట్టిన క్షేత్రములందు చెట్ల చుట్టుకొలతలను ఏండ్లతరబడి కొలుచుచు వచ్చిరి. 2005 అనావృష్టి వలన ఆ అడవులు 120 నుండి 160 కోట్ల టన్నుల బొగ్గును కోల్పోయినవని 2009లో వారు అంచనా వేసిరి. అంతకుముందు తపజోసులో నెప్‌స్టాడ్ ఒక హెక్టారు అడవిలో చెట్ల క్రింద ప్లాస్టిక్ పలకలు పరచి వాననీరు నేలకు చేరకుండ మళ్ళించి చూచెను. మొదట చెట్లు తట్టుకొన్నవి. సుమారు మూడేండ్లు గడచిన పిదప చావు ఆరంభమైనది, అదియు పెద్దచెట్లతో. లోతైన వేరు ఒక ఎండను కాచును, వరుస ఎండలను కాదు.

మరి మామూలు ఎండకాలమునందలి పచ్చదనమైనను నిజమేనా? 2014లో డగ్లస్ మార్టన్ బృందము దానిపైనను గురి పెట్టినది. వారి వాదము గ్రహించుటకు పాఠకుడు ఒక ఉదయము వరిచేను గట్టున నిలువవలెను. సూర్యునికి ఎదురుగా చూచినచో దుబ్బుల నీడలన్నియు మనవైపు పడి చేను నల్లబడి కన్పించును. వెనుదిరిగి సూర్యుని వీపున పెట్టుకొని చూచినచో నీడలు దుబ్బుల వెనుక దాగి చేను వెలుగుచుండును. చేనేమియు మారలేదు. జూన్ మాసమున సూర్యుడు ఉత్తరమునకు ఒరిగియుండును. సెప్టెంబరు చివరకు భూమధ్యరేఖపైకి వచ్చును. అప్పుడు మోడిస్ చూచు దిక్కును, ఎండ పడు దిక్కును కలియును, చెట్లతలల నీడలు మరుగగును, పరారుణము హెచ్చును. ఈ కోణముల ప్రభావమును సవరించినచో ఎండకాలపు పచ్చదనము మాయమగుచున్నదని మార్టన్ చెప్పెను. ఉపగ్రహమునుండి లేజర్ కిరణములతో తీసిన కొలతలు కూడ అడవి ఆకారము మారలేదనెనని ఆయన సాక్ష్యము.

పాతపక్షమువారు ఊరకుండలేదు. సవరణ చేసిన తరువాత కూడ కొంత పచ్చదనము మిగులుచున్నదని 2016లో సలెస్కా మున్నగువారు సమాధానమిచ్చిరి. ఆశ్చర్యమేమనగా, 2005 విషయమున సలెస్కాను ఖండించిన మైనేని బృందము ఈ ఎండకాలపు మార్పు విషయమున 2015లో దానిని నిజమనియే నిలిపినది. పక్షములు మనుషులవి కావు, ప్రశ్నలవి అని దీనివలన తెలియుచున్నది. కైయూ గువాన్ బృందము అదే సంవత్సరము మరియొక మెలిక విప్పినది. ఏటికి 2000 మిల్లీమీటర్లకు మించి వాన కురియుచోట్ల నేలలో నిలిచిన నీటితో అడవి ఎండకాలమంతయు పని చేయును. అంతకు తక్కువైనచోట్ల వాడును. ఒకే అమెజాను అనుకొన్నది ఒకటి కాదన్నమాట.

తుదకు చిక్కుముడి విప్పినది ఆకు వయస్సు. గోపురములపై కెమేరాలు కట్టి, ఒక్కొక్క చెట్టు ఆకురాల్చు, చిగిర్చు దినములను జిన్ వూ, అలైన్ లోపెస్ మున్నగువారు నమోదు చేసిరి. 2016లో వెలువడిన వారి ఫలితముల ప్రకారము ఎండకాలమున అనేక వృక్షములు ముదురాకులను రాల్చి కొత్త ఆకులను తొడుగుచున్నవి. ఆకుల మొత్తము పెద్దగా మారదు గాని వయస్సు మారును. కొలది నెలల ప్రాయపు ఆకు ముసలి ఆకుకంటె చురుకుగా ఆహారము చేయును, పరారుణమును హెచ్చుగా వెదజల్లును. కనుక ఆకారము మారలేదన్నవారును, పచ్చబడినదన్నవారును చెరియొక విధముగ ఒప్పే. ఉగాదినాటి రావిచెట్టును చూచిన మనకు ఈ సంగతి ఎవరైన ముందే చెప్పియుండవలసినది.

అనావృష్టి మాట మాత్రము వేరుగా తేలినది. 2010లో అంతకంటె తీవ్రమైన కరవు వచ్చి, మనౌస్ వద్ద రియో నీగ్రో నది నూరేండ్లకు పైబడిన కొలతలలో అప్పటికి అత్యల్పమట్టమునకు దిగినది. ఈమారు మోడిస్ చిత్రములే 24 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పచ్చదనము తగ్గినదని చూపినవి. సముద్రపు గాలులను కొలుచుటకు పంపిన క్విక్‌శాట్ అను రాడార్ ఉపగ్రహపు లెక్కలను సాసన్ సాచీ బృందము అడవికి అన్వయించి 2013లో ప్రకటించినది ఇంకను గంభీరమైనది. రాడార్ తరంగము పచ్చదనమును కాక చెట్లతలలలోని నీటిని, కొమ్మల అమరికను పట్టును; మబ్బు దానికి అడ్డు కాదు. పశ్చిమ అమెజానులో 2005లో దెబ్బతిన్న అడవితలలు 2010 కరవు వచ్చువరకు కూడ పూర్తిగా కోలుకొనలేదని అది చెప్పినది. కొత్త ఆకు పచ్చగానే యుండవచ్చును, పైకొమ్మ విరిగిపోయి యుండవచ్చును.

పచ్చదనమునకు బదులు పనినే చూచు మార్గమొకటి కూడ దొరకినది. ఆహారము చేయుచున్న పత్రహరితము అతిసన్నని ఎర్రవెలుగును తానే విడుచును. 2009లో జపాను పంపిన ఉపగ్రహముతో ఆ వెలుగును అంతరిక్షమునుండి కొలుచుట సాధ్యమైనది. అమెరికావారి ఓకో-2 ఉపగ్రహము దానిని, బొగ్గుపులుసు వాయువును కలిపి చూచినది. 2015-16 ఎల్‌నినో కాలమున ఉష్ణమండల భూములు 2011 నాటికంటె సుమారు 250 కోట్ల టన్నుల బొగ్గును అధికముగా గాలిలోనికి విడిచినవని 2017లో జుంజీ లియూ మున్నగువారు లెక్కించిరి. అమెజానులో ఎండకు ఆహారపుపని తగ్గుటయు, ఆఫ్రికాలో వేడికి కుళ్ళుట హెచ్చుటయు, ఆసియాలో అగ్గియు కారణములైనవి. మూడు ఖండములు, మూడు కారణములు.

2022లో క్రిస్ బౌల్టన్, టిమోతీ లెంటన్, నిక్లాస్ బోయర్స్ పచ్చదనము ఎంత అని కాక, దెబ్బతిన్న పిదప అడవి ఎంత వడిగా తేరుకొనుచున్నదని అడిగిరి. 2000 తరువాత అమెజానులో నూటికి 75 వంతులకు పైగా ప్రదేశమున ఆ తేరుకొను శక్తి తగ్గుచున్నదని వారి సమాధానము. మరుసటి సంవత్సరమే రియో నీగ్రో 2010 నాటి మట్టమును దాటి క్రిందికి దిగినది. 2024లో అంతకన్నను దిగినది.

ఇప్పుడు మబ్బును, ఆకును కూడ దాటి మానును చూచు సాధనములు పైకి చేరినవి. ఐరోపావారి బయోమాస్ ఉపగ్రహము 2025 ఏప్రిల్ 29న, అమెజాను అడవి ఉత్తరపు కొసన ఉన్న ఫ్రెంచి గయానాలోని కూరు నుండి బయలుదేరినది. దాని రాడార్ తరంగము పొడవు 70 సెంటీమీటర్లు. మన దేశమును అమెరికాయు కలిసి నిర్మించిన నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోటనుండి ఎగసినది. దాని రెండు తరంగములలో ఒకటి 24 సెంటీమీటర్లు, రెండవది మన ఇస్రోవారి పొట్టి తరంగము. 12 దినములకొకమారు అది అదే దారిన తిరిగి వచ్చును, క్రింద మబ్బున్నను, పొగ యున్నను, రాత్రియైనను.